సేవయు, విమోచనమును

సేవ, దాస్యము అను రెండును మన భాషలో ఇరుగుపొరుగు మాటలు. భక్తుడు భగవంతునికి చేయు దాస్యము నవవిధభక్తులలో ఒకటిగా గణింపబడినది. మనుష్యుడు మనుష్యునికి నిర్బంధముచే చేయు దాస్యమో, మానవజాతి చేసిన పాపములలోకెల్ల పెద్దది. మాట ఒక్కటే, చేయువాని ఇచ్ఛనుబట్టి అది స్వర్గమునకో నరకమునకో దారితీయుచున్నది. ఈ విచిత్రమును తలచుకొన్నప్పుడెల్ల నాకొక సందేహము కలుగును. ఇతరులను దైన్యమునుండి విడిపింపదలచిన మనుష్యుడు తాను వారికి సేవకుడైన చాలునా? లేక వారిని ఆ స్థితికి తెచ్చిన ఏర్పాటుతో కలహింపవలెనా? గాయమునకు కట్టు కట్టువాడు గాయపరచినవానిని ఏమియు అడుగక ఊరకున్నచో, ఆ కట్టు వలన లాభపడువాడు గాయపరచినవాడే గదా! మరునాడు వాడు నిశ్చింతగా మరియొకని గాయపరచును. కట్టు కట్టుటకు ఒకడు ఉండనే ఉన్నాడు.

ఇది పండితగోష్ఠులలో మాత్రమే తేలియాడు ప్రశ్న కాదు. మనము నివసించుచున్న ఈ చంద్రపూర్ జిల్లాలోనే, వరోరా పట్టణపు పొలిమేరలో, ఇరువురు దంపతులు తమ జీవితకాలమంతయు ఈ ప్రశ్నతో కాపురము చేసిరి. వారిని గురించి చెప్పుటకు ముందు, వారికంటె ఇంచుమించు తొంబదియేండ్లు పూర్వము ఇదే ప్రశ్న ఎదురైన ఒక అమెరికా వనితను స్మరించుట యుక్తము. మన దేశమున ఆమె పేరు వినినవారు మిక్కిలి తక్కువ.

ఆమె పేరు హన్నా రోప్స్. 1809లో అమెరికా ఈశాన్యమూలనున్న మెయిన్ రాష్ట్రమున ఒక న్యాయవాది యింట పుట్టెను. భర్త విడిచిపోగా బిడ్డలను తానే పెంచుకొనెను. ఆ కాలమున ఆ దేశమును రెండుగా చీల్చుచున్న వివాదము బానిసత్వమును గురించినది. కాన్సాస్ అను క్రొత్త ప్రాంతమున బానిసత్వము ఉండవలెనో వద్దో అక్కడ స్థిరపడువారే నిర్ణయించుకొనవలెనని 1854లో ఒక శాసనము పుట్టెను. దానితో ఉభయపక్షములవారును ఆ ప్రాంతమును నింపుటకు పరుగులెత్తిరి. బానిసత్వమును ద్వేషించు కుటుంబములతోపాటు హన్నా కూడ 1855లో కాన్సాస్‌లోని లారెన్స్ అను ఊరు చేరెను. అక్కడ ఆమెకు ఎదురైన మొదటి శత్రువు బానిసల యజమాని కాదు, చలిజ్వరము. గుడిసె గుడిసెకును పోయి రోగులకు ఉపచారము చేసెను. రాత్రివేళ ప్రత్యర్థుల దాడికి వెరచి, గుండ్లు నింపిన పిస్తోలును చేరువలో ఉంచుకొని పరుండెడిది. పగలు ఉపచారము చేసిన చేయి రాత్రి పిస్తోలును తడవుట గాంధీజీ దేశపువారమైన మనకు కొంత ఇబ్బందిగా తోచును. తోచినను, ఉన్నది ఉన్నట్లు చెప్పవలసినదే. ఆరుమాసములకు ఆమె తిరిగివచ్చి, తాను అక్కడనుండి వ్రాసిన లేఖలను 1856లో ఒక గ్రంథముగా వెలువరించెను. 1859లో ఒక నవలను కూడ ప్రకటించెను.

అయితే ఆమె జీవితమునకు పరీక్ష 1862లో వచ్చినది. అంతర్యుద్ధము సాగుచుండెను. వాషింగ్టన్ చెంతనున్న జార్జిటౌన్‌లో ఒక పాత హోటలును ఆసుపత్రిగా మార్చిరి. ఇరుకు గదులు, గాలి ఆడని వసారాలు. హన్నా అక్కడ దాదులకు పెద్దగా నియమింపబడెను. ఆ ఆసుపత్రి వస్తుసామగ్రిపై అధికారము గల ఉద్యోగి ఒకడు రోగులపట్ల క్రూరుడై, ఒక సైనికుని నేలక్రింది చీకటిగదిలో బంధించెను. ఇట్టి సమయమున దాది చేయదగినది ఏమి? దీపము వెలిగించి, పక్కలు సర్ది, తన పని తాను చూచుకొనవచ్చును. ఆమె అట్లు చేయలేదు. సైనిక వైద్యశాఖ ముఖ్యాధికారి యొద్దకు పోయెను. ఆయన దర్శనము లభింపలేదు. అక్కడ ఆగక యుద్ధమంత్రి స్టాంటన్ కార్యాలయమునకే నడచిపోయి, ఉన్న విషయము చెప్పెను. బందీని విడిపించి ఆ ఉద్యోగినే నిర్బంధింపవలసినదిగా మంత్రి అప్పటికప్పుడు ఉత్తరువు చేసెను.

ఈ ఘట్టమున నన్ను ఆకర్షించినది ఆమె ధైర్యము మాత్రమే కాదు. ధైర్యవంతులు లోకమున చాలమంది కలరు. ఆ చీకటిగదిలో ఎవడున్నాడో, వాడు ఎంత బలహీనుడో, ఏ పూట ఏమి తినెనో ఆమెకు తెలియును. సభలలో బానిసత్వమును ఖండించిన మహావక్తలకు ఆ సైనికుని సంగతి తెలియదు. తెలిసియుండినచో వారును కోపగించియుండెడివారేమో; కాని తెలిసినది ఆమెకు. ఆమెకు తెలియుటకు కారణము, ప్రతిదినమును అతనివంటి వారి ముఖములు కడుగుచుండుటయే.

ఆ సంవత్సరము డిసెంబరులో ఫ్రెడరిక్స్‌బర్గ్ యుద్ధమున గాయపడినవారు బండ్లపై ఆ ఆసుపత్రికి వచ్చిరి. వారికి సేవచేయ వచ్చిన దాదులలో లూయిసా మే ఆల్కాట్ అను యువతి కలదు. తరువాతి కాలమున బాలికల కథ వ్రాసి ప్రపంచప్రఖ్యాతి పొందిన రచయిత్రి ఈమెయే. కొద్దివారములలోనే హన్నాయు, ఆల్కాటును సన్నిపాతజ్వరమున పడిరి. 1863 జనవరి 1వ తేదీన లింకన్ విమోచన ప్రకటన వెలువడెను. జనవరి 20వ తేదీన హన్నా రోప్స్ మరణించెను. ఆల్కాట్ బ్రతికి, పాదరసపు మందువలన దేహము చెడినను, ఆ ఆసుపత్రి అనుభవములను అదే సంవత్సరమున గ్రంథముగా ప్రకటించెను. హన్నా దినచర్య మాత్రము 1980 వరకు గ్రంథరూపమున వెలువడలేదు.

ఇక మన జిల్లాకు వత్తము.

మురళీధర్ దేవీదాస్ ఆమ్టే 1914లో వార్ధా జిల్లా హింగణ్‌ఘాట్‌లో సంపన్నమైన భూస్వామి కుటుంబమున పుట్టెను. బాబా అనునది తల్లిదండ్రులు పెట్టిన ముద్దుపేరే గాని సన్న్యాసులకు ఇచ్చు బిరుదము కాదు. న్యాయశాస్త్రము చదివి వరోరాలో న్యాయవాదవృత్తి చేసెను. డబ్బు బాగుగనే వచ్చెడిది. వరోరా పురపాలకసంఘమునకు ఉపాధ్యక్షుడుగా ఉన్న దినములలో పాకీపనివారి పక్షమున నిలిచెను. అంతటితో ఊరకుండక వారి తట్టను తానే నెత్తికెత్తుకొని, కొన్నిమాసములపాటు పాయిఖానాలు శుభ్రపరచెను. ఒక వకీలు మలపుతట్ట మోయుచు వీథిలో నడచిపోవుట ఆ కాలపు వరోరాకు ఎట్లుండెనో ఊహించుకొనుడు. అంతకుముందొకసారి రైలులో ఒక యువతిని అవమానింపబోయిన ఆంగ్ల సైనికులను ఆయన ఒంటరిగా ఎదిరింపగా, గాంధీజీ ఆయనకు అభయసాధకుడని పేరు పెట్టెను.

ఆ అభయసాధకుడే ఒక వానసాయంకాలమున భయపడి పరుగెత్తెను. త్రోవప్రక్క మురుగుకాలువ యొద్ద గుడ్డపేలికల కుప్పవలె ఏదో కదలినది. వంగి చూడగా అది మనుష్యుడు. తుళసీరాం అను కుష్ఠురోగి, వ్రేళ్ళు లేవు, పుండ్లలో పురుగులు. ఆమ్టే ఇంటికి పరుగెత్తెను. కాని ఇల్లు ఆయనను దాచలేకపోయినది. సైనికులకు వెరువని వాడు, మలపుతట్టకు ఏవగించుకొనని వాడు, ఒక రోగికి వెరచెనా అను ప్రశ్న వెంటాడగా తిరిగి వెళ్ళి, అతనికి నీడ కల్పించి, తినిపించి, చనిపోవువరకు తన చేతులతో పరిచర్య చేసెను. భయమున్నచోట ప్రేమకు చోటు లేదని ఆయన పిమ్మట పలుమారు చెప్పుచుండెడివాడు. ఆ మాట ఆయనకు ఏ గ్రంథమునుండియు రాలేదు. మురుగుకాలువ గట్టుననుండి వచ్చినది.

ఈ రోగమును మహారాష్ట్రులు మహారోగమందురు. మన పల్లెలవారు పెద్దరోగమందురు. రెండు భాషలును కూడబలుకుకొనినట్లు దాని అసలు పేరును తప్పించి పెద్దరికము కట్టబెట్టినవి. పేరు పలికిన అంటుకొనునేమో యను భయమే దీనికి మూలమని తోచుచున్నది. నిజమునకు మనుష్యులలో అత్యధికులకు ఈ రోగమును తట్టుకొను శక్తి స్వభావసిద్ధముగనే కలదు. దాని క్రిమిని నార్వే వైద్యుడు హాన్సెన్ 1873లోనే కనుగొనెను. మందు 1940 ప్రాంతములలో వచ్చెను. పలు మందులను కలిపి వాడు చికిత్సను ప్రపంచ ఆరోగ్యసంస్థ 1981లో సిఫారసు చేసెను. చికిత్స మొదలుపెట్టిన రోగివలన ఇతరులకు ప్రమాదము ఇంచుమించు లేనట్లే. క్రిమికి మందు దొరకినది గాని పేరునకు దొరకలేదు.

ఈ సందర్భమున మా యింటి సంగతి ఒకటి చెప్పవలసియున్నది. నా చిన్నతనమున బంధువొకడు ఆనందవనమునుండి అక్కడి నేతపనివారు నేసిన ఒక జంపఖానాను తెచ్చి మా నాయనమ్మ చేతికిచ్చెను. ఆమె దయకు మా వీథిలో పెట్టినది పేరు. ఏ బిచ్చగాడును మా గుమ్మమునుండి రిక్తహస్తములతో మరలలేదు. కాని ఆ జంపఖానా ఎవరి చేతులు నేసినదో తెలిసినంతనే ఆమె దానిని ఒక కఱ్ఱతో మడతపెట్టించి అటుకమీద వేయించినది. రోగపీడితుడైన బిచ్చగానికి ఆమె పెట్టు అన్నము కూడ ఎత్తునుండి జారవిడిచిన అన్నమే. ఆ దయలో కల్తీ లేదు. దానికి చేతులు మాత్రము లేవు.

ఆమ్టే కలకత్తా పోయి, ఉష్ణమండల వైద్యవిద్యాలయమున కుష్ఠుచికిత్స నేర్చుకొనెను. ప్రయోగార్థము తన దేహములోనికే క్రిములను ఎక్కించుకొనెననియు, రోగము పట్టలేదనియు ప్రసిద్ధి. 1949లో మహారోగి సేవా సమితి స్థాపితమైనది. 1951లో వరోరా చెంత యాభై ఎకరముల రాతినేలలో ఆరుగురు రోగులతో, ఒక కుంటి ఆవుతో, చేతిలో పదునాలుగు రూపాయలతో ఆనందవనము మొదలైనది. వినోబా భావే దానిని ప్రారంభించెను. అచ్చట తేళ్ళు, పాములు, త్రవ్వినచో రాయి. మే నెలలో మన చంద్రపూర్ ఎండ ఎట్టిదో పాఠకులకు వేరుగ చెప్పనక్కరలేదు.

ఆ రాతినేలకు ఆయనతోపాటు ఇద్దరు పసిబిడ్డలను తీసికొని వచ్చిన తల్లి సాధనాతాయి. ఆమె పుట్టినింటి పేరు ఇందు. నాగపురపు పండిత కుటుంబమువారి బిడ్డ. ఒక పెండ్లియింట అందరును వేడుకలో మునిగియుండగా, ఆమె మెల్లగా పెరటిలోనికి జారుకొని ముసలి పనిమనిషికి పనిలో సాయపడుచుండుట చూచి ఆమ్టే ఆమెను వరించెనని చెప్పుదురు. 1946లో వారి వివాహము జరిగినది. మలపుతట్ట, రైలు, మురుగుకాలువ - ఇవన్నియు ఆయన కథలో వచ్చు మెరపులు. పుండ్ల మనుష్యుల నడుమ వంట, బిడ్డల పెంపకము, పశువుల మేత, అరువది యేండ్ల ప్రతిదినము - ఇది ఆమె కథ. బిరుదములు పంచునప్పుడు లోకము మెరపునకే ముందుపీట వేయును. ఆమె తన ఆత్మకథకు సమిధ అని పేరుపెట్టుకొనెను. ఆ పేరులో వినయమున్నదనువారు కలరు. నాకు మాత్రము కొంచెము చురుకును వినిపించును. యజ్ఞము చేసినవాని పేరు నిలుచును, కాలినది సమిధ.

ఆనందవనమున మొదటి పంటలు వచ్చినవి. కుష్ఠురోగుల చేతులతో పండిన కూరగాయలను వరోరా సంత కొనలేదు. ఇక్కడనే మనము మొదట అడిగిన ప్రశ్న తిరిగి తల యెత్తుచున్నది. దానము చేయుటకు ఆ ఊరివారిలో చాలమంది సిద్ధముగనే యుండిరి. రోగికి ఒక రూపాయి వేయగలరు. రోగి పండించిన వంకాయను రూపాయి ఇచ్చి కొనలేరు. మొదటిదానిలో ఇచ్చువాడు పైన, పుచ్చుకొనువాడు క్రింద. రెండవదానిలో ఇరువురును తక్కెడకు రెండువైపుల నిలువవలెను. 1954లో అంతర్జాతీయ సేవాసంస్థకు చెందిన పలుదేశముల యువకులు వచ్చి, ఆనందవనమున కట్టడములు కట్టి, ఆ కూరగాయలనే వండుకొని తినిరి. తెల్లవారు తినుట చూచిన పిమ్మట సంత మెత్తబడినదని చెప్పుదురు. మన వంకాయను మనము తినుటకు పరదేశస్థులు రుచిచూచి చూపవలసివచ్చుట సిగ్గుపడదగిన విషయమే. కాని సంత తెరచుకొన్నది.

దానము మనుష్యుని పడగొట్టును, పని నిలబెట్టును అను భావమును ఆమ్టే తన సంస్థకు మూలసూత్రముగ చేసికొనెను. వ్రేళ్ళు లేని చేతులకు తగిన పనిముట్లు, ఆ పనిముట్లకు తగిన పనులు ఏర్పడినవి. సేద్యము, నేత, వడ్రంగము, ముద్రణ వచ్చినవి. రోగవిముక్తులు పెండ్లిండ్లు చేసికొనిరి. 1964లో వారి శ్రమతోనే ఒక కళాశాల నిలిచినది. ఆరోగ్యవంతుల బిడ్డలు అందులో చదువుకొనుటకు వచ్చిరి. భిక్ష పెట్టెడి ఊరు విద్యాభిక్షకై వారి వాకిటికి వచ్చెనన్నమాట. 1973లో, అప్పటికి ఈ జిల్లాలోనిదే యైన హేమల్‌కసా అడవిలో మాడియా గోండుల కొరకు మరియొక కేంద్రము వెలసినది. అది వేరొక వ్యాసమునకు తగిన కథ.

ఇంత చెప్పిన పిమ్మట ఒక ఆక్షేపణను దాచుట న్యాయము కాదు. ఆనందవనము కూడ ఒక ప్రాకారము కాదా? ఊరు వెలివేసినవారికి ఊరి వెలుపల చక్కని ఊరొకటి కట్టి యిచ్చినచో, వెలివేసినవారికి మరింత సుఖము కాలేదా? రోగిని అక్కడ దింపివచ్చి చేతులు కడుగుకొన్న కుటుంబములు లేకపోలేదు. చట్టమును చూడుడు. నిరుపేదలైన కుష్ఠురోగులను పట్టి వేరుచేయుటకు 1898లో ఆంగ్లప్రభుత్వము చేసిన శాసనము స్వతంత్రభారతమున 2016 వరకు పుస్తకమున నిలిచియే యున్నది. కుష్ఠు సోకినదను కారణముతో విడాకులు పొందు అవకాశము 2019లో గాని తొలగలేదు. పుండు మానిన అనేక సంవత్సరములకు గాని శాసనము మానలేదు. ఆనందవనపు పరిచర్య వెనుక హన్నా రోప్స్ వలె మంత్రి వాకిటికి నడచిపోవు పాదములు మరికొన్ని ఉండవలసినదని నాకు తోచుచున్నది. ఆమ్టేకు కలహశక్తి లేక కాదు. నర్మదా నిర్వాసితుల పక్షమున 1991లో పద్మబిరుదములను తిరిగి ఇచ్చివేసినవాడు ఆయన. వెన్నెముక జబ్బుచే కూర్చుండలేని దేహముతో 1985లో కన్యాకుమారినుండి కాశ్మీరమువరకు యువకులతో యాత్ర సాగించెను. అట్టివాడు శాసనముతో తీరికగ యుద్ధము చేయలేకపోవుటకు కారణము, తెల్లవారినంతనే కట్టు మార్చవలసిన పుండ్లు ఎదుటనుండుటయే కావచ్చును.

పాకీతట్ట సంగతియు ఇట్టిదే. వరోరా వకీలు దానిని మోసెను, మోసి దింపెను. తట్ట అట్లే యుండెను. దానిని నిషేధించు శాసనము 1993లో వచ్చినది. చాలకపోగా 2013లో మరియొకటి వచ్చినది. ఈ నడుమ, కోలారు బంగారుగనుల యొద్ద తెలుగు మాటాడు పాకీపనివారి ఇంట పుట్టిన బెజవాడ విల్సన్ సఫాయి కర్మచారి ఆందోళనమును నడిపించుచు, 2003లో సర్వోన్నత న్యాయస్థానము తలుపు తట్టెను. 2014లో ఆ న్యాయస్థానము తీర్పు చెప్పినది. ఆయన కోరినది, పెద్దమనుష్యులు వచ్చి ఒకపూట తట్ట మోసి పుణ్యము కట్టుకొనవలెనని కాదు. తట్టనే కాల్చివేయవలెనని, దానికి ఆధారమైన పాయిఖానాను కూల్చివేయవలెనని. తల్లిదండ్రుల నెత్తిపై చూచినవానికి తట్టలో తపస్సు కనబడదు.

అట్లయిన ఆమ్టే మోసినది వృథాయేనా? చాలకాలము నేను అట్లే తలచితిని. ఇప్పుడు అట్లు తోచుట లేదు. విల్సన్‌కు ఆ బరువు పుట్టుకతో తెలియును, ఎవరును నేర్పనక్కరలేదు. ఆ బరువు తెలియని ఇండ్లలో పుట్టిన మనబోంట్లకు అది తెలియుటకు వేరు మార్గమేది? మోయని వాడు చేయు శాసనము ఎంత సులభముగ కాగితమై పోవునో 1993 తరువాతి ఇరువది యేండ్లే చెప్పుచున్నవి. చేతులకు తెలిసినది నోటికి రావలెను. నోటికి వచ్చినది అధికారి చెవిని పడవలెను. ఈ మూడింటిలో ఏ యొక్కటి తెగినను బందీ చీకటిగదిలోనే యుండును. హన్నా రోప్స్ దాది, విమోచనవాది, రచయిత్రి అని ఆమె చరిత్రకారులు మూడు వృత్తులుగా వ్రాయుదురు. నాకు అవి మూడుగా కనబడుట లేదు. ఆమ్టేయు కవియే, మరాఠీలో ఆయన కవితలు జ్వాలలు, పువ్వులు అను అర్థముగల పేరుతో వెలువడినవి.

బాబా ఆమ్టే 2008 ఫిబ్రవరి 9వ తేదీన ఆనందవనముననే మరణించెను. దహనము చేయక ఆయన దేహమును ఆ నేలలోనే పూడ్చిరి. సాధనాతాయి 2011 జులైలో దివంగతురాలయ్యెను.

మా నాయనమ్మ పోయిన కొన్నేండ్లకు, ఇల్లు సర్దుచుండగా అటుకమీదినుండి ఆ జంపఖానా దిగివచ్చినది. రంగు వెలయలేదు, ఒక్క పోగు వదులుకాలేదు. ముందుగదిలో పరచుకొంటిమి. నేటికిని అది అక్కడనే యున్నది; వచ్చినవారందరును దానిపైననే కూర్చుందురు. అయితే పరచుటకు ముందు దానిని నేను రెండుమారులు వేడినీళ్ళలో ఉడికించి ఉతికించితిని. అప్పటికి ఈ రోగమును గురించి పైన వ్రాసినదంతయు నాకు తెలియును. ఎందులకని ఇంటివారు అడిగినప్పుడు, అటుకమీది దుమ్ము అని చెప్పితిని.